ముయ్యికి వచ్చినవాళ్ళు

అక్టోబరు 13, సోమవారం

అన్న వచ్చి కూర్చున్నాడు. మా నారాయణప్పన్న... బాగేపల్లి తాలూకాఫీసు ముందు, కూలివాళ్ళ పక్కన, అదే పట్ట మీద. నా కళ్ళతో నేనే చూశాను. నా కూతురు పద్మ ఎట్లా రప్పించిందో నా నడుముకు తెలుసు.

ఇన్నాళ్ళూ మాది 'కూలోళ్ళ ధర్నా'. బెంగుళూరు వాళ్ళ ఎస్టేటుకు లోతు బోర్లు, పొద్దస్తమానం కరెంటు. కూలివాళ్ళ కొళాయిలో గాలి, మా చిన్న రైతుల బోర్లలోనూ గాలే. అయినా రైతులు రారు. అన్న ఏమన్నాడు ముందర... "కూలి గూడా పెంచమంటాది నీ కూతురు. ఇచ్చేదెవురు, నేనా?"

అందుకే పోయిన వారం పద్మ కరపత్రాలు పక్కన పెట్టి, ధర్నాలో కూర్చున్న ఆడవాళ్ళతో అన్న చేలో దిగింది. మబ్బు పట్టి ఉంది. వాన పడితే చెనక్కాయ నేలలోనే మొలకెత్తిపోతుంది, అన్నకు పీకే మనుషులు దొరకలేదు. పొద్దు గూకేదాకా పీకారు. నేనూ పీకాను. అన్న కూలి ఇవ్వబోతే పద్మ, "వద్దు పెదనాయనా, ముయ్యి" అంది. పనికి పనే తీర్చాలి మరి. మా ఇండ్లలో అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా ముయ్యి మాత్రం ఎగ్గొట్టరు.

ఈ పొద్దు అన్న సంగటి ముద్ద గుడ్డలో కట్టుకొని వచ్చాడు, చేనికి పోయినట్టే. "నేను మీ పార్టీ కాదప్పా. ముయ్యి తీర్చేకి వచ్చినా. పొద్దు గూకితే పోతా."

నా బంగారు తల్లి. చల్లగా ఉండాలి.

అక్టోబరు 14

కాళ్ళు వాచాయి. ఊరికే కూర్చోవడం కూడా పనే.

అన్న మళ్ళీ వచ్చాడు. ముయ్యి నిన్ననే తీరింది గదన్నా అంటే — "నిన్న మద్దేన్నం కునుకు తీసినా. అంత మటుకు బాకీ ఉండాది." ఆడవాళ్ళు ఒకటే నవ్వు. "ఈ పొద్దూ పనుకోప్పా, రేపు గూడా వస్తావు" అంది కూలి గంగులమ్మ.

అక్టోబరు 15

వాన. పట్ట నెత్తిన కప్పుకొని కూర్చున్నాం.

అక్టోబరు 16

పద్మా ఆడవాళ్ళూ ఇంకో ముగ్గురు రైతుల చేలల్లో పీకుతున్నారు. "మా చేలో నలుగురు పీకినారు, మేమూ నలుగురే వస్తాం" అంటారు మా రైతులు. లెక్క తప్పరు. రానీ, నలుగురే రానీ. పద్మ గొంతు పోయింది. పగలంతా పీకడం, సాయంత్రం వాళ్ళకు నచ్చచెప్పడం. సంతోషమే... కానీ లేవలేకున్నాను.

అక్టోబరు 17

తహసీల్దారు బయటికి వచ్చి, ఇది కూలివాళ్ళ తకరారు కదా, రైతులకేం పని అన్నాడు. అన్న లేచాడు. "కూలోళ్ళదొక్కటే ఎట్లయితాది సామీ? నా బోరూ ఎండిపోయిండాది. ఎస్టేటు బోరు మాత్రం పారతాండాది."

పార్టీ కాదన్న మనిషి. నాకు కళ్ళు తడిశాయి, కండువాతో తుడుచుకున్నాను.

నా చేతిలో లేదు, చిక్కబళ్ళాపురం పోయి డి.సి.కి, అదే కలెక్టరుకు, చెప్పుకోండి అన్నాడు తహసీల్దారు. పది మందితో పోతే గేటు దగ్గరే ఆపేస్తారు.

అక్టోబరు 19, ఆదివారం

దీపావళి కాగానే చిక్కబళ్ళాపురం. ఒళ్ళంతా నొప్పులు. అయినా అందరికీ చెప్పాలి.

కెంచార్లహళ్ళి బావకు — చేను ఇంకా పీకలేదట. ముందు మనమే పోవాలి.

చింతామణి చెల్లెలికి — టమోటా తెంపే పని ఉందేమో అడగాలి.

గౌరిబిదనూరు వియ్యంకునికి — ఆయనది అంగడి. అంగడివానికి ఏం పని చేసి ముయ్యి పెట్టేది? పద్మనడగాలి.

మా చిన్నోడు మంజుకు — ఎస్టేటు గేటు కాపలా వానిదే. వస్తే పని పోతుంది. చెప్పకపోతే, "ఊరందరికీ చెప్పి నన్ను మర్చిపోయినావా నాయనా" అంటాడు. పద్మ తాను అడగనంటుంది. నేనే పోవాలి. ఆ ఒక్క రోజు వాని బదులు ఆ గేటు దగ్గర నేను నిలబడతానని అంటే... ముయ్యే కదా అదీ.

నిలబడగలనా?