జపంల ఉండగా పిలిచినవు

రాజ్యం,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ రోజు నీ సంవత్సరీకం. పొద్దున్నే స్నానం చేసి పంచాక్షరి జపానికి కూర్చున్న. మనసు నిమ్మళంగా ఉండాలంటే నూటెనిమిది పూసలు తిరిగేదాక నోరు విప్పొద్దు, లేవొద్దు అని అయ్యగారు చెప్పిండు గద.

అందుకే పోయినేడు ఆ రోజు నువ్వు వంటింట్లోంచి "ఇగో, జర ఇటు రాండ్రి" అని పిలిస్తే, "ఊఁ" అని ఊకున్న. మాల పూర్తిచేసి వచ్చేసరికి కిరోసిన్ స్టవ్ పక్కన పడి ఉన్నవు. మళ్ళ మాట్లాడలేదు.

అప్పటినుంచి ఎంతసేపు జపం చేసినా మనసు నిలుస్తలేదు. ఇంటి పక్క దబీర్‌పురా స్టేషన్ల రైలు కూత గూడ చెవిన పడదు గానీ, మాల సగానికి రాగానే నీ పిలుపు వినపడుతుంది.

ఇయ్యాల మన బిడ్డ సుశీల వంటింట్లోంచి "బాపూ" అన్నది. మాల కింద పడేసి ఉరికిన.

"ఏమైంది బిడ్డా?"

"బెల్లం ఏడ పెట్టినవో అడుగుదామని. జపం అయినంక రావొచ్చు గద, గంత ఉరుకుడేంది?"

డబ్బా తీసిచ్చిన. ఆ రోజు నువ్వు పిలిస్తే నేను లేవని సంగతి బిడ్డకు ఇప్పటిదాక చెప్పలేదు.

మళ్ళ కూర్చొని మాల పట్టుకున్న గానీ మొదటి పూస దాటలేకపోయిన. నువ్వు పిలిచింది గిట్ల బెల్లం కోసమో, పాణం బాగలేకనో, నాకింకా తెల్వది.