పెద్దమ్మ ఎర్రచీర

ఆగస్టు 4
రేపే కళ్యాణదుర్గంలో ఇంటర్వ్యూ. అంగన్‌వాడీ ఆయా పోస్టు. ఉన్న ఒక్క మంచి చీర, నీలంది, మాసిపోయి ఉంది. సర్ఫు అడిగితే తోడికోడలు తల కూడా ఎత్తలేదు. "అయిపాయ మే. అంగడాయప్ప అంగడి మూసి కూతురి కాన్పుకు పోయినాడు. ఎప్పుడొస్తాడో..." సరే అక్కా, అన్నా. వంక పక్కన చౌడు మన్ను తవ్వి తెచ్చా. సబ్బు లేనినాడు అమ్మ చేసినట్టే బకెట్లో కలిపా. తేరనిచ్చి పైనీళ్ళు మాత్రం వంచుకోవాలి. తేరేంత పొద్దు లేదు. అట్లే ముంచేశా.

ఆగస్టు 5
చీర నిండా తెల్లటి చారలు. ఆరాక గానీ కనబడలేదు. అదే కట్టుకుని బస్సెక్కా. ఆఫీసరమ్మ నా ముఖం చూడలేదు, కుచ్చిళ్ళు చూసింది. "పసిపిల్లల్ని శుభ్రంగా పెట్టాల్సిన పనమ్మా ఇది..." తల కొట్టేసినట్టయింది. బయటికొస్తే వరండాలో సునంద. అక్కకు సొంత చెల్లెలు, మా ఊరి కోడలే. ఇస్త్రీ చీర, తళతళా. ఆమె కూడా అప్లికేషన్ పెట్టిందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆగస్టు 8
సునందకే వచ్చింది. రెండో పేరు నాది. ఆమె వద్దంటే నాకు — ఎందుకు వద్దంటుంది?

ఆగస్టు 9
ఎలుకలు పడ్డాయేమోనని శనక్కాయ మూట విప్పా. చెయ్యి పెడితే పాకెట్ తగిలింది. సర్ఫు. సగానికి పైనే ఉంది.
మళ్ళీ అక్కడే పెట్టి మూతి కట్టేశా. అడగను. అడిగితే ఏడుస్తుంది, బావ వస్తాడు, చివరికి గయ్యాళిని నేనవుతా. అడగను గాక అడగను.

ఆగస్టు 10
అంగడాయప్ప ఇంకా రాలేదు. ఇంటిల్లిపాది బట్టలు చౌడుతోనే ఉతుకుతున్నా. వేళ్ళు పగిలాయి. అక్క లంగాను బండ మీద కాస్త గట్టిగానే బాదా.

ఆగస్టు 12, మంగళవారం
మా ఊరి దేవత పెద్దమ్మ పూజ. ఆ తల్లికి కట్టేది ఎర్రచీరే. అక్క పసుపు చేతులు తెల్లచీర కొంగుకు తుడిచేసుకుంది. పుట్టింటివాళ్ళు పెట్టిన చీర. ఎల్లుండి సునంద పనిలో చేరేటప్పుడు అదే కట్టుకుని పక్కన నిలబడాలట.
"ఉతికి పెట్టు మే."
"సర్ఫు?" అన్నా, కళ్ళలోకి చూస్తూ.
మూట వైపు చూసింది. నా వైపు చూసింది. "యాడుండాది? చౌడుతోనే కానీ."
ఆడిన అబద్ధాన్ని మింగలేక, కక్కలేక అక్క... నాకెంత సంతోషమేసిందో!

ఆగస్టు 13
పసుపు మరకను ముందు ఎండలో వేస్తే దానంతటదే తేలిపోతుంది. ఆ తర్వాతే ఉతకాలి. అమ్మ నేర్పిన మొదటి సంగతి.
నేను అట్లా చేయలేదు. చౌడునీళ్ళలో ఇంకో గుప్పెడు పసుపు వేసి చీరంతా ముంచా. పైకి తీస్తే నెత్తురు రంగు. కావాలనే చేశా. ఇక్కడ రాస్తున్నా, రేపు నాకు నేనే కాదని చెప్పుకోకుండా.
పిల్లలకు దిష్టి తీయడానికి పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్ళు చేసేది అక్కే. చౌడూ సున్నం పనే చేస్తుందని కనిపెడుతుంది, నా మీదికొస్తుంది, అప్పుడు నలుగురి ముందూ మూట విప్పుతా — ఇదీ నా ఎత్తు.
కనిపెట్టలేదు. ఈ ఇంట్లో పదేళ్ళుగా ఒక్క గుడ్డ పిండిన మనిషి కాదు. తీగ మీద చీర చూసి అక్కడే కూలబడింది. "పెద్దమ్మా, తప్పయిపాయ తల్లీ! సర్ఫు దాచిపెట్టింది నేనే... నా చెల్లెలి కోసరం దాచినా. దాని బిడ్డ జోలికి పోవాకు. దాంతో ఆ పని మానిపిస్తా..."
తలుపు వెనక నేను. నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నా.
ఒక్క నిమ్మకాయ పిండితే ఆ ఎరుపు మళ్ళీ పసుపవుతుంది. రెండెండలకు పసుపూ పోతుంది. అంతే పెద్దమ్మ కోపం.

ఆగస్టు 14
పొద్దున్నే అక్క సర్ఫు పాకెట్ తెచ్చి నా ముందు పెట్టింది. "నీ చీర ఉతుక్కో మే." ముఖం చూపించలేదు. నేను ముట్టుకోలేదు.

ఆగస్టు 14, మధ్యాహ్నం
సునంద వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. చంకలో పాప. పనిలో చేరలేదు.
"అక్కా, సర్ఫు సంగతి నాకు తెల్దు. పాప మీద ఒట్టు. దీనికి రాత్రి నుంచి జరం... పెద్దమ్మే పట్టుకున్యాదని మా అక్క అంటాండాది. ఆ పని నువ్వే చేసుకో."
పాప నుదురు ముట్టి చూశా. కాలుతోంది. మామూలు జ్వరమే. ముందు ఆసుపత్రికి పొమ్మన్నా.
"ఇది ఇచ్చినాంకనే పోతా," అని కాగితం చూపించింది. ఉద్యోగం వద్దని రాయించుకొచ్చింది. సంతకం ఒక్కటే తక్కువ. పెన్ను ఉందా అని నన్నే అడిగింది.
వెతుకుతానని లోపలికొచ్చా. పెన్ను చేతిలోనే ఉంది, దీంతోనే రాస్తున్నా. వంటింట్లోంచి నిమ్మకాయ కూడా తెచ్చుకున్నా, ఎందుకో. ఆ ఎర్రచీర మీద పిండి చూపిస్తే చాలు. కోయలేదు. నాకేం తప్పు? ముందు దాచింది ఎవరు? నా కుచ్చిళ్ళు చూసి ఆ మాట అనిపించుకున్నది నేను కాదా?
పాప ఏడుస్తోంది...
"అక్కా, పెన్ను కనపడిందా?"