పద్నాలుగో గదిలో కెటిల్

మైనారిటీ విద్యార్థుల సహాయ కేంద్రం నడిపే మేడమ్ గారి సముఖానికి,

అమ్మా,

నేనెవరో చెప్పను. చెబితే నాకు అసూయ అంటారు. నాకు అసూయ లేదు. ఈ ముక్క మొదట్లోనే తేల్చేస్తే మిగతాది ప్రశాంతంగా రాసుకోవచ్చని చెబుతున్నాను.

ఎలక్ట్రికల్ రెండో సంవత్సరంలో నూట ఇరవై మంది ఉన్నారు. అందులో మీ కేంద్రం కిందికి వచ్చేవాళ్ళు ఇద్దరే. వాళ్ళ జనం ఊరంతా గాలించినా రెండు వీధులకు మించరు. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు, పదకొండు రోజుల తేడా. అన్న దర్జీ కొడుకు, తమ్ముడు తాళాలు బాగుచేసేవాడి కొడుకు. రెండిళ్ళలోనూ వీళ్ళకు ముందు బడి దాటినవాళ్ళు లేరు. లెక్చరర్లకు ఇద్దరూ ఒకలాగే కనిపిస్తారు కాబట్టి తమ్ముడు ఆలస్యంగా వస్తే చివాట్లు అన్నకు పడతాయి.

తమ్ముడికి సర్క్యూట్స్‌లో ముప్పై ఒకటి వచ్చింది. మీ పద్నాలుగో గదిలో చేరాడు. ఇప్పుడు అరవై నాలుగు. ఎలా వచ్చాయిరా అంటే 'అంతా మా మెంటర్ చలవ' అంటాడు. ఆ గదిలో కెటిల్ ఉంది. తిరిగే కుర్చీ ఉంది. మూడు రంగుల పెన్నులతో తెల్లబోర్డు ఉంది. కిటికీలోంచి చూశాను. నాలుగుసార్లే చూశాను.

మరి అన్న? మేధావి. లెక్కల్లో ఒకసారి తప్పాడు, అది వేరే సంగతి. వచ్చే నెల సప్లిమెంటరీలో కూడా తప్పితే కాలేజీవాళ్ళు పెట్టె సర్దుకోమంటారు, అదీ వేరే సంగతే. అయినా మీ ముందు చెయ్యి చాచలేదు. మొదటి రోజే మీరిచ్చిన ఫారాన్ని కాయితప్పడవ చేసి మీ బల్ల మీదే వదిలి వచ్చాడు. అంత ఆత్మగౌరవం ఉన్నవాడికి సున్నా, తమ్ముడికి కెటిలా? ఇదేం న్యాయం?

ఇట్లు,
ఒక శ్రేయోభిలాషి

తా.క.: జవాబును హాస్టల్ ఇస్త్రీ తాత దగ్గర పన్నెండో అరలో పెట్టించగలరు. ఆ కెటిల్ ఎన్ని లీటర్లది? ఊరికే అడిగాను.

---

శ్రేయోభిలాషి గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అసూయ లేదన్న సంగతి గమనించాను.

మా పద్ధతి చిన్నది. ఎవరు చెబితే తనకు అర్థమవుతుందో విద్యార్థే ఒక పేరు రాసిస్తాడు. ఆ మనిషి వారం వారం కార్డు మీద సంతకం పెడతాడు. ఆ పేరు బయటివాళ్ళకు చెప్పడం కుదరదు.

మీరు రాసిన మేధావిని రమ్మనండి. ఈ గదిలో చెయ్యి చాచేది బోర్డు పెన్ను అందుకోవడానికే.

ఇట్లు,
కేంద్రం నిర్వాహకురాలు

తా.క.: లీటరున్నర.

---

మేడమ్ గారికి,

లీటరున్నర! సరే.

పరిస్థితి విషమించింది. నిన్న మా అమ్మ, అంటే ఆ అన్నగారి అమ్మ, ఫోన్ చేసింది. కొడుకు తిన్నాడా లేదా అని అడగలేదు. పిన్ని కొడుకు మార్కుల గురించి పావుగంట చెప్పి, ఆ మెంటర్ ఎవరో కనుక్కుని ఆయన కాళ్ళ మీద పడరా, నీకూ నాలుగు ముక్కలు చెబుతాడు అంది. నా జీవితంలో, క్షమించాలి, ఆ అన్న జీవితంలో ఇంత అవమానం లేదు. ఆ మెంటర్‌కు బహుశా కళ్ళజోడు ఉంటుంది. మాటకు ముందు గొంతు సవరించుకుంటాడు. అలాంటివాళ్ళంటే నాకు మొదటినుంచీ పడదు.

అసలు రహస్యం వినండి. మీ మెంటర్ ఒక్క ముక్క చెప్పడు! రుజువు ఉంది. తమ్ముడు రోజూ సాయంత్రం బట్టలు ఉతుక్కునే చోటికి వచ్చి సందేహాలన్నీ అన్ననే అడుగుతాడు. పాపం అన్న కుళాయి తిప్పి చూపిస్తాడు. ట్యాంకు ఎత్తు వోల్టేజీ, పారే నీళ్ళు కరెంటు, గొట్టంలో ఇరుక్కున్న నీ మేజోడు రెసిస్టెన్స్ అని విడమరుస్తాడు. తమ్ముణ్ణి తీరుబడిగా తిట్టడానికి వీలుగా పాఠం ముందే చదువుకుని మరీ వస్తాడు. చాకిరీ ఇక్కడ, కీర్తి అక్కడ.

ఇంకోటి. మా ల్యాబులో ఎవరి రీడింగులకైనా పక్క బెంచీవాడు సాక్షి సంతకం పెట్టాలి. తమ్ముడు ఏ కాయితం ముందుకు తోసినా అన్న చదవకుండా సంతకం గీకేస్తాడు. అంత మంచివాడు. మరి మీ మెంటర్ సంతకం పెట్టేముందు ఆ కార్డు ఒక్కసారైనా చదివాడా? తానేమీ చెప్పలేదన్న సిగ్గు ఉందా? విచారణ జరగాలి. అతణ్ణి తీసెయ్యాలి.

ఇట్లు,
నిద్ర పట్టని శ్రేయోభిలాషి

తా.క.: అతని కుర్చీ ఖాళీ అయితే దాన్ని ఏం చేస్తారు?

---

శ్రేయోభిలాషి గారికి,

మీ ఆరోపణ తీవ్రమైనది. సంతకాన్ని చదవకుండా పెట్టడం మా కేంద్రంలో పెద్ద తప్పు. మెంటర్‌కు ఈరోజే నోటీసు పంపాను. తొమ్మిది వారాల కార్డుల నకళ్ళు జతచేశాను. గురువారం పదకొండు గంటలకు వచ్చి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: పాఠం చెప్పావా? ఎక్కడ చెప్పావు? ఎలా చెప్పావు? సరైన జవాబు రాకపోతే అతణ్ణి తీసేస్తాం. అప్పుడు ఆ విద్యార్థి కొత్త మెంటర్‌ను వెతుక్కోవాలి.

ఇట్లు,
నిర్వాహకురాలు

తా.క.: ఫిర్యాదు చేసినవారు, మెంటర్ ఎదురెదురుగా కూర్చోవాలి. రెండు కుర్చీలు వేయించాను. ఒకటి తిరిగేదే.

---

మేడమ్ గారికి,

ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నాను.

కారణాలు పెద్దగా లేవు. లోతుగా విచారించగా ఆ మెంటర్ మనిషి మేలిమి బంగారమని తెలిసింది. కళ్ళజోడు లేదు. గొంతు సవరించుకోడు. గురువారం అతనికి కడుపునొప్పి వచ్చేట్టుంది. చిత్రంగా నాకూ అదే రోజు వచ్చేట్టుంది.

నోటీసు నా గదికి వచ్చింది మేడమ్. పక్కవాడిది పొరపాటున ఇచ్చారేమోనని మూడుసార్లు చూశాను. కార్డుల నకళ్ళు చూస్తే తొమ్మిదింటి మీదా నా గీకుడే. తమ్ముణ్ణి పిలిచాను.

"ఒరేయ్, ఇది నా సంతకం."

"నీదే అన్నయ్యా. కార్డును రికార్డు పుస్తకం కింద అంచు కనిపించేలా పెట్టి గీయించుకున్నా."

"ముందే చెప్పి చావొచ్చుగా?"

"చెబితే మానేసేవాడివి. మెంటర్ అని పేరు పెట్టకపోతేనే నువ్వు బాగా చెబుతావు."

అంటే రెండు నెలలుగా నేను కుళ్ళుకున్న ఆ మహానుభావుడు నా మంచం మీదే పడుకుని, నా దువ్వెనతోనే దువ్వుకుంటున్నాడన్నమాట. మా అమ్మ చెప్పినట్టు అతని కాళ్ళ మీద పడదామని ప్రయత్నించాను. నడుము పట్టేసింది. ఇంతా తెలిశాక కూడా, నిజం చెబుతున్నాను, అతనంటే నాకు కాస్త కుళ్ళుగానే ఉంది. తమ్ముడు అతని గురించి చెప్పినంత గొప్పగా నా గురించి ఎప్పుడూ చెప్పలేదు.

దయచేసి అతణ్ణి తీసెయ్యకండి. వాడికి ఇంకా రెండు పాఠాలు మిగిలున్నాయి.

ఇట్లు,
శ్రేయోభిలాషి (మాజీ)

తా.క.: లెక్కల పరీక్షకు ఇంకా పదహారు రోజులు. ఇది ఫిర్యాదు కాదు. ఊరికే రాశాను.

---

శ్రేయోభిలాషి గారికీ, మెంటర్ గారికీ (ఇద్దరికీ ఒకే కవరు చాలు కదా),

మీ ఆకుపచ్చ సిరా మొదటి ఉత్తరంలోనే గుర్తుపట్టాను. కాలేజీలో ఇంకెవరూ వాడరు. ఆ కార్డుల నిండా అదే.

విచారణ అన్నది మిమ్మల్ని ఈ గదికి రప్పించడానికే. కాయితప్పడవలు చేసేవాళ్ళు మర్యాదగా పిలిస్తే రారు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. చదువుకునే రోజుల్లో, మొదటి ఏడు, నేనూ అలాంటి పడవే చేశాను.

కార్డు వెనక ఒక గడి ఉంటుంది. 'మెంటర్‌కు ఏదైనా కావాలా?' అని. మెంటర్లెవరూ తిప్పి చూడరు, మీరు ముందు వైపే చూడలేదు. మీ తమ్ముడు తొమ్మిది వారాలూ ఆ గడిలో ఒకే మాట రాశాడు:

'లెక్కలు. అడగడు.'

మీ పడవ నా సొరుగులోనే ఉంది. విప్పి, ఇస్త్రీ తాత చేత ఇస్త్రీ చేయించి, దీంతో పంపుతున్నాను. విద్యార్థి అన్నచోట ఖాళీ ఉంది. మెంటర్ అన్నచోట, లెక్కల్లో తొంభై ఒకటి తెచ్చుకున్న మీ తమ్ముడి సంతకం ఉంది. చదివే పెట్టాడు. మీరూ చదివి పెట్టండి.

గురువారం పదకొండింటికి. రెండు కుర్చీలూ అలాగే ఉంచాను.

ఇట్లు,
మీ నిర్వాహకురాలు

తా.క.: ఆ కెటిల్ పాడై రెండేళ్ళయింది. ఎలక్ట్రికల్ కుర్రాళ్ళు నలభై మంది దాన్ని ఆశగా చూసి వెళ్ళారు గానీ, పనిచేస్తోందా అని ఒక్కరూ అడగలేదు. వచ్చేటప్పుడు స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి.