స్వీడన్ పిల్లకు కొడవలి

చర్ల,
12 ఏప్రిల్ 1988

విదేశీ చదువుల అధికారి గారికి నమస్కారాలు.

స్వీడన్‌లో ఆరు నెలల చదువుకు నా దరఖాస్తు పంపుతున్నాను. నాన్న దూలయ్య వేలిముద్ర వేయడానికి వెనకాడడం వల్ల ఆలస్యమైంది. మా ఊళ్లో కలుపు తీయడానికి ఒకరికొకరు బదులు పోతారు. మనం వాళ్ల చేనుకు పోతే వాళ్లు మన చేనుకు రావాలి.

"మరి వాళ్ల పిల్ల వస్తదా?" అన్నాడు నాన్న. విద్యార్థుల మార్పిడే కదా అని "అవ్, వస్తది" అన్నాను. వెంటనే వేలిముద్ర వేశాడు.

తీరా కాగితాలు మళ్లీ చదివితే, ఈ ఏడు అక్కడి నుంచి ఎవరూ రావడం లేదట! అమ్మేమో వచ్చే పిల్ల కోసం కలుపు కొడవలి చేయించి, ఆ పిల్ల చేతులు మెత్తగుంటాయని పిడికి గుడ్డ కూడా చుట్టింది.

దయచేసి ఒకమ్మాయిని పిలిపించండి. కలుపు తీయడం రాకున్నా పర్వాలేదు. "మన పిల్లకు మాత్రం వాళ్ల చదువు వచ్చా? వాళ్లు నేర్పుతరు, మేం నేర్పుతం" అంటోంది అమ్మ.

ఇట్లు,
దూలయ్య కూతురు