గుర్గావ్‌లో మిక్సర్ నా చేతికొచ్చింది

అమ్మా, వందనాలు. నా గురించి బెంగ పెట్టుకోకు, ఇది శుభవార్త.

శనివారం గుర్గావ్‌లో పెద్ద ఖవ్వాలీ కచేరీ. మా సౌండ్ కంపెనీ భాటియా సార్‌కి జ్వరమొచ్చి, సౌండ్ మిక్సర్ నాకు అప్పగించారు. "ఈ పిల్ల వల్ల అవుతుందా భయ్యా?" అని నిర్వాహకుడు గొణిగాడు. పాట మధ్యలో స్పీకర్లు కీచుమన్నాయి. ఏ మైకు గోల పెడుతోందో చెవితోనే పట్టేసి, వెంటనే సర్దేశాను. పాటయ్యాక ముసలి గాయకుడు "సౌండ్ వాలీ బేటీ కహాఁ హై?" అని, అంటే సౌండ్ చూసిన అమ్మాయి ఎక్కడని అడిగి, నన్ను లేపి, జనమందరిచేతా చప్పట్లు కొట్టించారు! వచ్చే కచేరీ కూడా నాదేనన్నారు సార్.

ఆవకాయ అయిపోయింది, పంపు. టిమోతి అన్నయ్యకి సంబంధం కుదిరిందా? నర్సింగులో చేరమని ఇక అడగొద్దని నాన్నకి నువ్వే చెప్పు. చర్చిలో అందరికీ నా వందనాలు.

మీ సౌండ్ ఇంజనీరు,
అక్సా