కోతులు నేర్పిన గుణసంధి

మంగళవారం, భోజనాలయ్యాక

ఇవాళ మా ఆరో తరగతికి గుణసంధి నేర్పడానికి కోతులు వచ్చాయి. ప్రిన్సిపాల్ గారు ముచ్చటపడి తెప్పించిన కార్టూన్ పాఠం అది. తెర మీద 'అ' అని రాసిన కోతి, 'ఇ' అని రాసిన కోతి వాటేసుకుని గంతులేస్తే 'ఏ' అనే పిల్లకోతి పుట్టింది. వ్యాకరణానికి పట్టిన గతి ఇది.

దాన్ని అమ్మడానికి వచ్చిన కుర్రాడు, "పిల్లలు బాగా ఎంజాయ్ చేస్తున్నారండి" అన్నాడు.

"సర్కస్‌లోనూ చేస్తారు" అన్నాను.

అప్పుడు లేచింది నాగమణి. చేపలమ్ముకునే వాళ్ల పిల్ల. బడి తెరిచినప్పటి నుంచీ నా క్లాసులో నోరు విప్పింది లేదు.

"రాజమహేంద్రవరంలో మహేంద్ర కూడా ఇంతేనాండి? మహా, ఇంద్ర కలిశాయాండి?" అంది.

ఆ ఉదాహరణ నేనెప్పుడూ చెప్పలేదు. ఆ కోతులూ చెప్పలేదు.

బెల్లు కొట్టాక పిలిచి, "ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదే?" అని అడిగాను.

తల దించుకుని, "కోతి కసురుకోదు కదండి" అంది.

ఆ వెకిలి బొమ్మలంటే నాకిప్పటికీ ఏవగింపే. రేపు సవర్ణదీర్ఘ సంధికి ఏనుగులట. ప్రిన్సిపాల్ గారితో వద్దని చెప్పేద్దామనుకుంటూనే ఉన్నాను. చెబితే ఆ పిల్ల మళ్లీ…