మోచేతి మచ్చ

తణుకు,
12-3-1984.

శ్యామలాంబగారికి నమస్కారాలు.

పోయిన శుక్రవారం మీ ఫియట్ కారు కడిగిన షెడ్డువాణ్ణండి. ఎదురుగా వచ్చి చెప్పే మొహం లేక రాస్తున్నాను.

మీరు కొత్త డ్రైవరుతో "కడిగితే చాలు" అని చెప్పి పంపారు. దానికి పదిహేను రూపాయలే. బేరం పెంచుకుందామని అతనికి మైనం పాలిష్ అంటగట్టాను. అడక్కుండానే, డ్రైవరు వైపు తలుపు మీద రంగు అరిగిపోయిన చోట ఉప్పుకాగితంతో రుద్ది కొత్త రంగు వేశాను. మొత్తం అరవై అయిందన్నాను.

మెప్పు కోసం బండి నేనే తెచ్చాను. మీరు ఆ చోట వేళ్లతో తడిమి, "ఇక్కడ కూడా వేసేశారాండి?" అన్నారు. "కొత్త బండిలా లేదాండీ!" అన్నాను. మీరు డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు.

నిన్న మీ పనిమనిషి పాపాయి చెప్పింది. అది అయ్యగారు ఇరవై ఏళ్లు బండి నడుపుతూ మోచెయ్యి ఆనించిన చోటట. ఆయన పోయాక, బండెక్కే ముందు మీరు రోజూ దానిమీద చెయ్యి వేసేవారట.

కొత్త రంగు తీసేయగలనండి. ఆ మచ్చ మాత్రం తిరిగి తేలేను.

ఇప్పుడు ఏ బండి వచ్చినా, రేటు చెప్పేముందు ఏది ముట్టుకోవద్దో అడుగుతున్నాను. మిమ్మల్ని అడగలేదు.

తలెత్తుకోలేని,
షెడ్డువాడు